మూడు షిఫ్టుల యూనిట్లో నాగాలు: మోటివేషన్ క్లాసు పెట్టాలా, ఇంకేమైనా చేయాలా?

గాజువాక గుమాస్తా
అందరికీ నమస్కారం. విశాఖలో ఆటోనగర్ వైపు ఉండే మధ్యతరహా యూనిట్ ఒకటి అనుకోండి. 140 మంది, అందులో 90 మంది కాంట్రాక్టు. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బీ 2 నుంచి 10, సీ రాత్రి 10 నుంచి 6. వారానికోసారి మార్పు: సీ తర్వాత బీ, బీ తర్వాత ఏ. నెలంతా ఒక్క నాగా లేకుండా వస్తే 1500 రూపాయల హాజరు బోనసు. అయినా చెప్పకుండా మానేసేవాళ్లు పెరుగుతున్నారు, వచ్చినవాళ్లలోనూ హుషారు లేదు. ఇలాంటప్పుడు పైవాళ్లకు తట్టేది ఒకటే: బీచ్ రోడ్డులో హోటల్ హాలు, ఒక మోటివేషనల్ స్పీకరు, మధ్యాహ్నం బిర్యానీ. అదే డబ్బు చేతికిస్తే మీరు ముందు దేనిమీద పెడతారు?

డాల్ఫిన్ నోస్
బిర్యానీ ఉంచండి. మిగతాది మానేయండి.

మస్టరు రోలు
డబ్బు సంగతి తర్వాత. ముందు మూడు నెలల మస్టరు తీసి, చెప్పకుండా మానేసిన ప్రతి రోజునూ ఎక్సెల్‌లో ఒక వరుసగా ఎక్కించండి. తేదీ, వారం, షిఫ్టు, సెక్షను, సూపర్‌వైజరు, పర్మనెంటా కాంట్రాక్టా, ఇవి చాలు. ముందే అడిగి తీసుకున్న సెలవులు ఇందులో కలపకండి. రెండూ కలిపితే లెక్క దేనికీ పనికిరాదు.

తర్వాత పివట్ (వరుసల్ని షిఫ్టువారీగా, సెక్షనువారీగా కూడి చూపే పట్టిక) వేసి చూడండి. నాగాలన్నీ షిఫ్టు మారే రోజు చుట్టూ ఉంటే తప్పు రోస్టరుది, అంటే షిఫ్టుల చార్టుది. ఒకే సూపర్‌వైజరు కింద కుప్పపడితే మాటతీరుది. జీతం పడ్డ మర్నాటి రెండు రోజుల్లో ఉంటే దాన్ని విడిగా చూడాలి: ఊరికి డబ్బు ఇచ్చి రావడం, అప్పు తీర్చడం, కొందరి విషయంలో మందు. మూడింటికీ మూడు వేర్వేరు పరిష్కారాలు. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే ఉపన్యాసం ఇప్పిస్తే ఏదీ తగ్గదు.

మనిషివారీగా చూడాలంటే బ్రాడ్‌ఫర్డ్ లెక్క ఉంది. 52 వారాల్లో ఎన్ని విడతలు మానేశాడో ఆ సంఖ్యను దానితోనే గుణించి, మొత్తం రోజులతో మళ్లీ గుణించాలి. జ్వరమొచ్చి ఒకే విడత 10 రోజులు పడుకున్నవాడికి 1×1×10, అంటే 10. పదిసార్లు ఒక్కోరోజు మానేసినవాడికి 10×10×10, అంటే 1000. రోజులు రెండింటా పదే, కానీ లైను ఆగేది రెండోవాడి వల్ల. అయితే ఈ అంకె మెమో ఇవ్వడానికి కాదు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, నెలసరి నొప్పులున్నవాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు అందరికంటే పైన తేలతారు. ‘ఈయనతో ఒకసారి కూర్చుని మాట్లాడాలి’ అనే గుర్తుగా మాత్రమే వాడాలి.

ఎర్రమట్టి దిబ్బ
ఆ ఎక్సెల్ పట్టిక పక్కన మన ఊరి క్యాలెండరు కూడా పెట్టుకోండి. మార్గశిర గురువారాలు వచ్చాయంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లే ఆడవాళ్లు చాలామంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు, మర్నాడు కాలు కదపలేరు. అక్షయ తృతీయకి చందనోత్సవం, దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం. ఇవేవీ ఊడిపడేవి కావు, ఏడాది ముందే తెలిసే తేదీలు. ఆ రోజులకి నెల ముందే పేర్లు అడిగి, సెక్షనుకి ఇంతమంది అని వంతులు వేసేస్తే ‘చెప్పకుండా మానేయడం’లో కొంత భాగం మామూలు సెలవుగా మారిపోతుంది.

సీ షిఫ్టు
గుమాస్తా గారి రోస్టరు తిరిగేది వెనక్కి. సీ, బీ, ఏ. గంటలు లెక్కేయండి. బీ రాత్రి 10కి దిగి ఏ పొద్దున 6కి ఎక్కాలంటే మధ్యలో 8 గంటలు. వారపు సెలవు మధ్యలో పడితే 32. అదే ముందుకు తిప్పితే (ఏ, బీ, సీ) ఒక షిఫ్టు దిగి మరో షిఫ్టు ఎక్కేసరికి 24 గంటలు, సెలవు కలిస్తే 48. పైసా ఖర్చు లేదు, చార్టు తిరగేయడమే. పైగా ఒంటి గడియారానికి ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. వెనక్కి తిప్పే చార్టు మారిన ప్రతిసారీ ఆ కష్టమైన పనే చేయమంటుంది. యూరప్ చట్టంలో రెండు పనిరోజుల మధ్య కనీసం 11 గంటల విరామం అడుగుతారు. ఇక్కడ చట్టం ఏమన్నా, చార్టు వేసేటప్పుడు ఆ 11నే గీతగా పెట్టుకోండి.

వరసగా ఆరు రాత్రులు కూడా ఎక్కువే. ఆరు రాత్రులకి శరీరం అలవాటు పడదు, నిద్ర బాకీ మాత్రం పేరుకుంటుంది. నాలుగు బృందాలు చేయగలిగితే రెండు ఏ, రెండు బీ, రెండు సీ, రెండు సెలవులు: 8 రోజుల చక్రం. 8 రోజుల్లో 48 గంటలు, వారానికి సగటున 42. ‘నాలుగో బృందానికి మనుషులెక్కడ’ అంటారు. మూడు బృందాలతో వారపు సెలవు ఇవ్వాలన్నా రిలీవర్లు ఎలాగూ కావాలి గదా, ఆ రిలీవర్లే నాలుగో బృందంలో సగం.

ఇంకొకటి, ఉదయం 6 గంటల మొదలు. తగరపువలస నుంచో పెందుర్తి అవతల నుంచో వచ్చేవాడు బస్సు కోసం మూడున్నరకో నాలుగుకో లేవాలి. తొమ్మిదికే పడుకుందామంటే ఇంట్లో టీవీ, పిల్లలు. నిద్ర ఐదారు గంటలకి పడిపోతుంది. మూడు షిఫ్టులనీ గంట ముందుకి జరిపి 7, 3, 11 చేస్తే ఏ షిఫ్టు వాళ్లకి ఆ గంట నేరుగా నిద్రలో కలుస్తుంది. దీనివల్ల బీ షిఫ్టు రాత్రి 11కి దిగుతుంది, అప్పుడు సిటీ బస్సులు పలచన. కంపెనీ బస్సు లేకపోతే ఈ మార్పు జోలికి పోకండి.

పూర్ణామార్కెట్
అంతా బావుంది గానీ, ఎవర్నీ అడక్కుండా చార్టు మారిస్తే ఏటవుద్దో తెలుసా? రాత్రి డ్యూటీ చేసి పగలు ఆటో తోలేవాడు ఉంటాడు, పొలం చూసుకొనేవాడు ఉంటాడు. ఆళ్లకి వారం రాత్రులే సుఖం. మంచి చార్టని మీరు తెచ్చినా ‘మళ్లీ మా పీక మీదకి ఏదో తెచ్చారు’ అంటారు. రెండు చార్టులు గోడకి అంటించి, 15 రోజులు ఉంచి, చీటీలు వేయించండి. ఏది గెలిచినా మూడు నెలలకే, మళ్లీ అడుగుతామని చెప్పండి.

సీ షిఫ్టు
నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. చీటీలకి ముందు రెండు చార్టుల్లోనూ జీతం, రాత్రి అలవెన్సు ఎంతొస్తుందో పక్కనే రాయండి. అది రాయకపోతే అందరూ అనుమానంతో పాతదానికే వేస్తారు.

సీ షిఫ్టు కోసం ఇంకొన్ని. తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా మనిషి చురుకు అట్టడుగున ఉంటుంది. కొలతలు తీయడం, వాల్వులు మార్చడం లాంటి తప్పు జరిగితే పెద్ద నష్టమయ్యే పనులు ఆ వేళకి పెట్టకండి. కునుకు పెట్టనిస్తే 20 నిమిషాలు దాటకూడదు. దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక అరగంట మత్తు వదలదు. లేచాక కూడా పది పదిహేను నిమిషాలు యంత్రం దగ్గరికి పంపకండి. కాఫీ టీల ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, 2 గంటల తర్వాత టీ తాగితే ఇంటికెళ్లాక నిద్ర పట్టదు. కానీ మన క్యాంటీన్లలో టీ వచ్చేదే 4 గంటలకి! ఆ ట్రే ఒంటిగంటకి జరపండి. నాలుగుకి మజ్జిగో మరొకటో ఇవ్వండి.

శ్రమ పుస్తకం
క్లాసు ఎందుకు పనిచేయదో పాత పరిశోధనే చెబుతుంది. మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లని, అకౌంటెంట్లని అడిగి 1959లో అచ్చేసిన విషయం: పనిమీద విసుగు పుట్టించేవి వేరు, పనిమీద ఇష్టం పుట్టించేవి వేరు. జీతం, పర్యవేక్షణ, పని పరిస్థితులు మొదటి గుంపు. పూర్తిచేశానన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత రెండో గుంపు. ఫ్యాను తిరక్కపోతే చిరాకు వస్తుంది. తిరిగినంత మాత్రాన ఎవరూ ఉత్సాహంతో ఊగిపోరు. గుమాస్తా గారి యూనిట్లో ఫ్యానే తిరగడం లేదు, స్పీకరుని పిలుస్తున్నారు.

దీనిమీద విమర్శ కూడా ఉంది. మంచి జరిగితే నా వల్ల, చెడు జరిగితే కంపెనీ వల్ల అనుకోవడం మనిషి నైజం, ఆ పరిశోధన కొంతవరకు దాన్నే కొలిచిందని అంటారు. అందుకే నేను కారాసెక్ 1979 నమూనాని ఎక్కువ నమ్ముతాను. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో తేల్చుకొనే వీలు తక్కువగా ఉన్నచోటే మనిషి నలిగిపోతాడు. ఒత్తిడి తగ్గించడం ఆర్డర్ల చేతిలో ఉంది. వీలు పెంచడం మాత్రం సూపర్‌వైజరు చేతిలో ఉంది.

డాల్ఫిన్ నోస్
‘వీలు’ అంటే ఏమిటి, ప్యాకింగ్ లైనులో? ఇష్టమొచ్చినట్టు ప్యాక్ చేయమనా?

శ్రమ పుస్తకం
కాదు. ఉదాహరణకి షిఫ్టు మార్పిడి పుస్తకం. ఒకే పని తెలిసిన ఇద్దరు 24 గంటల ముందు సంతకాలు పెట్టి షిఫ్టు మార్చుకోవచ్చు. సూపర్‌వైజరు కాదనాలంటే కారణం రాయాలి. రెండే నిబంధనలు: వరసగా రెండు షిఫ్టులు పడకూడదు, నెలకి మనిషికి నాలుగుసార్లకి మించకూడదు. ఈ పుస్తకం పెట్టినచోట ‘అమ్మమ్మ పోయింది’ అనే ఫోన్లు తగ్గుతాయి, ఎందుకంటే నిజం చెప్పడానికి దారి దొరికింది. అలాగే లైనులో ఎవరు ఏ స్థానంలో నిలబడాలో, రెండు గంటలకోసారి ఎలా మారాలో బృందమే తేల్చుకోవడం. టీ విరామం 15 నిమిషాలు ఒకేసారా, రెండు ముక్కలా అన్నది వాళ్లకే వదిలేయడం. చిన్నవే, కానీ రోజూ తగిలేవి.

మస్టరు రోలు
1500 బోనసు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాగాలకి అదీ ఒక కారణమే. నెల మూడో తారీకున ఒకరోజు మానేసినవాడికి బోనసు పోయినట్టే. మిగతా నెలంతా రావడానికి వాడికి ఆ 1500లో ఏం మిగిలింది? వారానికి 375 చొప్పున నాలుగు ముక్కలు చేయండి. మనిషికి గరిష్ఠంగా అయ్యే ఖర్చు అంతే, మెట్టు మాత్రం చిన్నదవుతుంది.

రెండో చిక్కు. బోనసు పోతుందని జ్వరంతోనే వస్తారు. సాల్వెంట్ల మధ్య, ప్రెస్‌ల దగ్గర జ్వరంతో నిలబడ్డవాడు నాగా కంటే ప్రమాదం. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) డాక్టరు చీటీ ఉన్న రోజుల్ని బోనసు లెక్కలోంచి తీసేయండి. నెలకి 21,000 లోపు జీతమున్నవాళ్లకి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం ఎలాగూ కడుతున్నారు. అర్హత ఉన్నవాళ్లకి అనారోగ్యపు రోజులకి 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజుల దాకా వస్తుందని ఎంతమంది కాంట్రాక్టు వాళ్లకి తెలుసు? ఆ కాగితం తెలుగులో మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి దారితో సహా గోడకి అంటించడం ఏ స్పీకరూ చేయలేని మేలు.

కొండవాలు కోడర్
అసలు డబ్బు ఆశ పెట్టడమే తప్పంటారు కదా? డెసీ 1971లో పజిళ్లతో చేసిన ప్రయోగంలో డబ్బిచ్చినవాళ్లకి, డబ్బు ఆపాక ఆసక్తి తగ్గిపోయింది.

శ్రమ పుస్తకం
ఆ ముక్క సగమే ప్రచారమైంది. డెసీ, కోస్ట్‌నర్, రయన్ 1999లో 128 ప్రయోగాల్ని కలిపి చూశారు. ముందే చెప్పి ఇచ్చే బహుమతి ఆసక్తిని తగ్గించేది ఆ పని స్వతహాగా ఆసక్తికరమైనప్పుడు. విసుగు పుట్టించే పనిలో ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి కోడింగుకి, డిజైనుకి వర్తించినంతగా కార్టన్లు అంటించడానికి వర్తించదు. పదిహేను వేల జీతగాడికి ‘అంతర్గత ప్రేరణ’ గురించి చెప్పి బోనసు ఎగ్గొట్టడం సైన్సు కాదు, పొదుపు!

పూర్ణామార్కెట్
అదీ మాట.

జీతం చీటీ గురించి కూడా చెప్పండి. ఓటీ (అదనపు గంటల పని) రెట్టింపు రేటని చట్టం. చీటీలో ‘అదర్ అలవెన్సు’ అని ఒక ముద్ద కింద కలిపేస్తే ఎవరికేటి అర్థమవుద్ది? ఓటీ ఎన్ని గంటలు, గంటకి ఎంత, పీఎఫ్ ఎంత కోశారు, ఈ మూడూ తెలుగులో విడివిడిగా ఉండాల. లెక్క తేడా వస్తే ఎవరి దగ్గరికెళ్లాలో పేరు, వేళ రాసుండాల. డబ్బు తక్కువైతే తిట్టుకుంటూనైనా పని చేస్తారు, మోసం జరిగిందనుకుంటే మాత్రం చేయరు.

ఇంకోటి. కాంట్రాక్టు వాళ్లకి వేరే క్యూ, వేరే గ్లాసులు, వేరే రంగు హెల్మెట్. హెల్మెట్ రంగు భద్రతకి అవసరమైతే ఉండనీండి, గ్లాసు ఎందుకండి వేరు? ఇది తీసేయడానికి రూపాయి అక్కర్లేదు.

కొండవాలు కోడర్
రుషికొండ, మధురవాడ ఐటీ ఆఫీసుల సంగతి వేరు కాబట్టి క్లుప్తంగా. అక్కడ నలిపేది అమెరికా గడియారం. న్యూయార్క్ ఉదయం 11 గంటల మీటింగు వేసవిలో మనకి రాత్రి 8:30, నవంబరులో వాళ్ల గడియారం మారగానే 9:30. ఇంట్లో అన్నం వేళ మారిపోతుంది, ఎవరూ అడగరు. వారానికి రెండు రోజులు ఆ మీటింగు వాళ్ల 9 గంటలకి జరపమని క్లయింటుని అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఆన్‌కాల్ (పిలిస్తే రాత్రయినా పలకాల్సిన డ్యూటీ) వంతుకి ఐదుగురి కంటే తక్కువ ఉంటే ప్రతి నెలా ఒక వారం నిద్ర పోయినట్టే. రాత్రి కాల్ వస్తే మర్నాడు ఉదయం సెలవు దానంతటదే పడాలి. అడిగి తీసుకోవాల్సి వస్తే ఎవరూ అడగరు.

గాజువాక గుమాస్తా
చాలా ఉపయోగపడింది. ఒక సర్వే కూడా చేయించాలని ఉంది. ఏ ప్రశ్నలు అడగాలి? మనుషులు నిజం రాస్తారా?

చినవాల్తేరు కౌన్సెలర్
మనసు ఎలా ఉందో చూడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నల ఫారం డబ్ల్యూహెచ్‌ఓ-5 చాలు. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, తాజాగా నిద్ర లేచారా, రోజువారీ జీవితంలో ఆసక్తి కలిగించే విషయాలు ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తం 25ని 4తో గుణిస్తే 100. 50కి దిగితే మనిషి బాగోలేడని అనుమానించాలి. 50 అంటే డిప్రెషన్ అని కాదు, ఇంకా అడిగి చూడాలని.

షిఫ్టు మనుషుల దగ్గర ఒక మెలిక ఉంది. నాలుగో ప్రశ్న నిద్ర గురించి. సీ షిఫ్టు వారంలో అడిగితే ఆ ఒక్కటే మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. అందుకే మొత్తంతో పాటు ప్రశ్నవారీగా కూడా చూడాలి. నాలుగోది మాత్రమే పడితే రోస్టరు, మొదటిది, ఐదోది పడితే ఇంకేదో.

నిజం రాస్తారా అన్నది మీరు ఎలా అడుగుతారన్నదాన్ని బట్టి. ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యే ఫారం వద్దు. చేతిరాత గుర్తుపడతారు కాబట్టి వాక్యాలు రాయించొద్దు, గుండ్రాలు చుట్టించండి. పెట్టె హెచ్ఆర్ గదిలో కాదు, క్యాంటీన్లో. పదిమంది కంటే తక్కువున్న సెక్షను ఫలితం విడిగా చూపించకండి. ముగ్గురున్న ల్యాబులో సగటు అంటే పేరు చెప్పినట్టే. చదవడం రానివాళ్లకి బయటి మనిషి చదివి వినిపించాలి, సూపర్‌వైజరు కాదు.

ఇది మనిషిని కొలుస్తుంది, పనిని కాదు. పని సంగతి తెలియాలంటే బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ పెట్టిన ఆరు కోణాలు మంచివి: పని భారం, అదుపు, అండ, సంబంధాలు, నా బాధ్యత ఏమిటన్న స్పష్టత, మార్పుని ఎలా చెబుతారన్నది. దాని పూర్తి ఫారం 35 ప్రశ్నలు. షాపుఫ్లోర్‌కి కోణానికి రెండు చొప్పున 12 చాలు. ఫలితాన్ని 15 రోజుల్లో గోడకి పెట్టి, ఒక్క పనైనా మొదలుపెట్టండి. అడిగి ఊరుకోవడం కన్నా అడక్కపోవడం మేలు.

డాల్ఫిన్ నోస్
సర్వేలో తేలిన మనిషిని ఏం చేయాలి? అది కూడా చెప్పండి మేడం.

చినవాల్తేరు కౌన్సెలర్
సర్వేలో మనిషి తేలకూడదు, తేలితే అది గోప్యత లేని సర్వే. మనిషి తేలేది ఎదురుగా. మామూలుగా వాగేవాడు మౌనమైపోవడం, చిన్న తప్పులు వరసగా చేయడం, డబ్బాలో అన్నం అలాగే తిరిగి వెళ్లడం, గడ్డం బట్టలు పట్టించుకోకపోవడం, ఇవి రెండు వారాలు దాటడం. సూపర్‌వైజరు రోగం పేరు పెట్టకూడదు. చూసింది చెప్పి ఆగాలి: ‘నాలుగు రోజులుగా భోజనానికి రావట్లేదు, ఎలా ఉన్నావు?’ అని. తర్వాత నోరు మూసుకొని వినాలి. ‘అందరికీ ఉండేవే’ అంటే మళ్లీ నోరు విప్పరు.

బర్నవుట్‌ని డబ్ల్యూహెచ్‌ఓ వ్యాధుల పట్టికలో జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా పెట్టారు: అలసట, పనిమీద ఎడబాటు, ఏం చేసినా ప్రయోజనం లేదన్న భావన. దానికి మందు పనిలోనే ఉంది. వారం సెలవు ఇచ్చి ఇంటికెళ్లినా, పిల్లలతో ఉన్నా అదే చీకటి ఉంటే డిప్రెషన్‌ని అనుమానించి డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఇక్కడే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికెళ్తే ముద్ర పడుతుందని జంకేవాళ్లని కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) ఓపీకి పంపినా సరే.

చనిపోవాలని ఉందన్న అనుమానం వస్తే సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, రసాయనాలు, ఎత్తైన చోట్లు, యంత్రాల దగ్గరినుంచి తప్పించి, ఇంటివాళ్లు వచ్చేదాకా పక్కన మనిషి ఉండాలి, ఆ రోజే డాక్టరు చూడాలి. మెమోలూ విచారణలూ అప్పుడు కాదు.

చికిత్స తర్వాత తిరిగొచ్చినవాళ్లకి మొదటి రెండు వారాలు సగం భారం, జనరల్ షిఫ్టు (పగటి డ్యూటీ). బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టొచ్చు, రాత్రులు వద్దని డాక్టరు రాస్తే అది సౌకర్యం కాదు, చికిత్స. హెచ్ఆర్ అడగాల్సింది జబ్బు పేరు కాదు, ‘ఏ పనులు చేయొచ్చు, ఏవి వద్దు, ఎప్పటిదాకా’ అన్న చీటీ. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలంటుంది. మీ గ్రూప్ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి.

గాజువాక గుమాస్తా
అర్థమైంది. ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఎక్కణ్నుంచి?

మస్టరు రోలు
బోనసు ముక్కలు, జీతం చీటీ అందరికీ ఒకేసారి చేయండి, డబ్బు దగ్గర ఒక సెక్షనుకి ఒక న్యాయం పనికిరాదు. ముందుకు తిరిగే చార్టు, మార్పిడి పుస్తకం మాత్రం ఒక్క సెక్షనులో 12 వారాలు. మిగతా సెక్షన్లు పోలికకి.

సీ షిఫ్టు
జనవరిలో మాత్రం వద్దు. సంక్రాంతికి శ్రీకాకుళం, పార్వతీపురం వెళ్లినవాళ్లు కనుమ దాటినా రారు, మీ చార్టు ఫెయిలైందని పైవాళ్లు తేల్చేస్తారు. ఫిబ్రవరిలో పెడితే ఏప్రిల్ చివరికి ఉక్క కలుస్తుంది, చెమట ఆరదు, నాగాలు వాటంతటవే పెరుగుతాయి. అందుకని గత నెలతో కాదు, గతేడాది అవే వారాలతో పోల్చండి. ఎండలు మొదలయ్యేసరికి లైను పక్కనే చల్లటి నీళ్లు పెట్టించండి, వేడిలో పని చేసేవాళ్లు పావుగంట ఇరవై నిమిషాలకోసారి పావు లీటరు తాగాలి.

పూర్ణామార్కెట్
గ్లాసులు మాత్రం అందరికీ ఒకటే పెట్టండి.